తొలకరి వాన – కంబళిపురుగు – చేని పిట్ట

రాయలసీమ మెట్ట రైతునకు తొలకరి వానకంటె మిన్నయైన కబురు వేరొకటి లేదు. ఆ వాన పడిన మరునాడే గొర్రు, విత్తనము బయటికి వచ్చును. అయితే ఆ వానకొరకు ఎదురుచూచునది రైతు ఒక్కడే కాదు. బెత్తెడు మొదలు జానెడు లోతున మట్టిగూటిలో పండుకొనియున్న కంబళిపురుగు కూడ ఆ వానకొరకే సుమారు పది నెలలుగ కాచుకొని యుండును. పురుగును, మిడతను తిని బ్రదుకు ఏట్రింత, గోరువంక, పాలపిట్ట మొదలగు పిట్టలు కూడ చేలలో పురుగులు ప్రబలు కాలమును చూచుకొనియే గూళ్లు కట్టి పిల్లలను సాకుకొనును. వాన, పురుగు, పిట్ట – ఈ మూడును అనాదిగా ఒకే ముహూర్తమునకు కూడుకొనుచున్నవి.

ఇపుడా ముహూర్తము తప్పుచున్నది. వానలు అదనునకు రాకుండుట, వచ్చినపుడు ఒక్క పెట్టున కురియుట, నడుమ వారముల తరబడి చినుకు లేకుండుట మన రైతులు ఏటేట చూచుచున్నదే. మరియొక ప్రక్క చేని గట్లు సన్నగిల్లుచున్నవి, గట్లపై చెట్లు కూలుచున్నవి, పచ్చిక బీళ్లు తరిగిపోవుచున్నవి. మొదటి మార్పును ఆపుట ఒక గ్రామమువల్ల అగునది కాదు. రెండవ మార్పు మాత్రము చాలవరకు మన చేతిలోనిదే. వాన తప్పిన యేటనే పిట్ట అవసరము ఎక్కువ. కాని అదే యేట పిట్టకు నిలువ నీడ లేకుండ చేసికొనుచున్నాము. దీనివలన కలుగు నష్టమెట్టిదో, దానిని తగ్గించుకొను మార్గమేదో వేరుసెనగ చేనిని ఉదాహరణముగ తీసికొని ఇచట వివరింపబడినది.

కంబళిపురుగు జీవిత విధానము

ఎర్ర గొంగళిపురుగునే అనేక గ్రామములలో కంబళిపురుగు అందురు. అనంతపురము, శ్రీ సత్యసాయి, కర్నూలు, చిత్తూరు జిల్లాల మెట్ట రైతులకు దీనిని క్రొత్తగ పరిచయము చేయనక్కరలేదు. వేరుసెనగయే కాక ఆముదము, అలసంద, జొన్న, ప్రత్తి మొదలగు పైరులను కూడ ఇది తినును.

మంచి వాన కురిసి నేల నానినంతనే సాయంకాలమున రెక్కల పురుగులు నేలనుండి వెలువడును. వీటి ముందు రెక్కలు తెల్లగ నుండి, వాటిపై గోధుమరంగు చారలు, అంచున పసుపు గీత యుండును. వెనుక రెక్కలపై నల్లని చుక్కలు కానవచ్చును. ఒక్కొక్క ఆడపురుగు 600 మొదలు 700 వరకు గ్రుడ్లను ఆకుల అడుగు భాగమున గుంపులు గుంపులుగ పెట్టును. రెండు మూడు దినములలో పిల్లపురుగులు వెలువడి, మొదట ఒకే ఆకుపై గుంపుగ చేరి పచ్చదనమును గీకి తినును. అట్టి ఆకు జల్లెడవలె కనబడును. పురుగు పెరిగినకొలది ఒడలెల్ల ఎర్రని పొడుగు వెండ్రుకలు మొలచి, అది చేనంతట వ్యాపించును. ఒక చేను ముగించి దండువలె ప్రక్క చేనికి నడచిపోవుట దీని గుణము. ఇట్లు నెల, నెలా పదిదినములు తిని, పిదప గట్ల అంచులకు, చెట్ల నీడలకు చేరి నేలలో దూరి కోశముగ మారును. మరుసటి యేటి తొలకరి వరకు మరల పైకి రాదు.

అనగా ఈ పురుగునకు సంవత్సరమునకు ప్రధానముగ ఒకే కారు. దానిని పట్టుకొనుటకు రైతునకు చిక్కు అవకాశములు మూడు. వేసవిలో కోశము నేలలో నున్నపుడు ఒకటి. వాన కురిసిన రాత్రులలో రెక్కల పురుగు పైకి వచ్చినపుడు రెండవది. గ్రుడ్లు, పిల్లపురుగులు గుంపుగ ఒకే ఆకుపై నున్నపుడు మూడవది. ఈ మూడును దాటిపోయి వెండ్రుకలు పెరిగిన పురుగు చేనంతట ప్రాకిన తరువాత మందు చల్లినను ఫలితము స్వల్పము, ఖర్చు మాత్రము అధికము.

వాన తీరు మారిన ఏమగును?

2020లో కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ మన దేశపు వాతావరణ మార్పులపై ఒక నివేదికను వెలువరించినది. 1901 మొదలు 2018 వరకు దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీల సెంటీగ్రేడు పెరిగినదని అందు చెప్పబడినది. 1951–1980 మధ్య కాలముతో పోల్చిన, 1981–2011 మధ్య నైరుతి ఋతుపవన కాలమున వాన లేని ఎడములు 27 శాతము హెచ్చినవనియు, వాన పడునపుడు పెద్ద జడివానలుగ పడుట పెరిగినదనియు కూడ ఆ నివేదిక తెలుపుచున్నది. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వానతో పంట తీయవలసిన అనంతపురము వంటి సీమకు ఇది చిన్న విషయము కాదు.

కంబళిపురుగు పంచాంగము చూచి లేవదు. నేల తడిని చూచి లేచును. తొలకరి ఒక్కసారిగ, ఊరంతటికి సమానముగ కురిసిన యెడల రెక్కల పురుగులు రెండు మూడు రాత్రులలోనే గుంపుగ వెలువడును. ఊరివారందరు ఆ రాత్రులలో మంటలు వేసిన పని తీరిపోవును. వాన ముక్కలు ముక్కలుగ, నేడు ఈ పొలమున, పదిదినములకు ఆ పొలమున కురిసిన యెడల పురుగులు కూడ విడతలు విడతలుగ లేచును. మొదటి విడతకు మంటలు వేసిన రైతు, ఇక భయము లేదని ఊరకుండగా రెండవ విడత గ్రుడ్లు పెట్టిపోవును. ఒకే చేనిలో పిల్లపురుగులు, ముదురు పురుగులు కలిసి కనబడుట ఇట్టి యేడులలోనే.

మరియొక చిక్కు గలదు. విత్తిన పిదప వాన మొగము చాటుచేసిన, బెట్ట తగిలిన వేరుసెనగపై ఆకుముడత పురుగు విజృంభించును. మంచి జడివాన పడిన దాని తీవ్రత తగ్గును. చినుకు లేని ఎండలో అది తరము తరువాత తరముగ పెరిగి, దూరమునుండి చూచిన చేను కాలినట్లు కనబడును. కావున బెట్ట కాలములు పెరుగుట యనగా పైరునకు దాహము పెరుగుట మాత్రమే కాదు, ఆకుముడతకు అనుకూల కాలము పెరుగుట యని కూడ గ్రహింపవలెను.

వేడిమి, పురుగు బలము

పశువునకు, మనిషికి దేహమున స్వంత వేడిమి కలదు. పురుగునకు అట్లు కాదు. బయటి వేడిమియే దాని ఒంటి వేడిమి. ఒక హద్దు వరకు వేడిమి పెరిగినకొలది గ్రుడ్డు త్వరగ పిగులును, పురుగు త్వరగ ఎదుగును, ఎక్కువ తినును. ఏటికి పలు తరములు గల ఆకుముడత, పొగాకు లద్దెపురుగు వంటివి ఒకే పంటకాలమున అదనముగ మరియొక తరము సాగించుకొనుటకు ఇది అవకాశము కలిగించును. 2018లో అమెరికా శాస్త్రజ్ఞులు గోధుమ, వరి, మొక్కజొన్న పంటలపై చేసిన లెక్కల ప్రకారము, భూగోళపు సగటు వేడిమి ఒక్కొక్క డిగ్రీ పెరిగినపుడు పురుగులవలన కలుగు పంట నష్టము 10 మొదలు 25 శాతము వరకు పెరుగగలదు. చలిదేశములలో ఈ పెరుగుదల మరింత ఎక్కువ. మనవంటి ఉష్ణదేశములలో వేడిమి ఇప్పటికే పురుగు హద్దునకు దగ్గరగ నున్నందున కొన్ని పురుగులు ఎండదెబ్బకు తగ్గుటయు కద్దు.

అట్లని సంతోషింపరాదు. ఎండదెబ్బ పైరును తిను పురుగుకంటె ముందుగ దాని శత్రువులకు తగులుట తరచుగ కానవచ్చును. గ్రుడ్లను నాశనము చేయు ట్రైకోగ్రామా వంటి సన్నని పరాన్నజీవులు 35 డిగ్రీలు మించిన ఎండకు నిలువజాలవు. అవి తల దాచుకొనుటకు పూలమొక్కలు, గట్ల గడ్డి, చెట్టునీడ కావలెను. అవి లేని నున్నని చేనిలో పురుగునకు ఎదురు లేకపోవును.

వాన పొరుగు దేశమున పడినను పురుగు మన దేశమునకు రాగలదనుటకు మిడతల దండే సాక్ష్యము. 2018లో మే, అక్టోబరు నెలలలో వచ్చిన రెండు తుపానులు అరేబియా ఎడారిలో కనివిని యెరుగని వానలు కురిపించినవి. ఆ తడి ఇసుకలో ఎడారి మిడతలు తరము వెంట తరముగ పెరిగి, 2020 నాటికి రాజస్థాన్, గుజరాత్, మధ్యప్రదేశ్, మహారాష్ట్రములకు వచ్చిపడినవి. తెలంగాణ సరిహద్దు జిల్లాలలో కూడ అధికారులు కావలి పెట్టవలసి వచ్చినది.

పిట్ట చేయు మేలు

వేసవి దుక్కి దున్నునపుడు నాగలి వెంబడి, నేడు ట్రాక్టరు వెంబడి, కొంగలు, గోరువంకలు, కాకులు గుంపులుగ నడచుట అందరు చూచినదే. అవి వెదకునది మట్టితో పైకి వచ్చిన కోశములను, వేరుపురుగులను, గ్రుడ్లను. ఏట్రింతను కొందరు పసుల పోలిగాడందురు. అది పశువు వీపుననో, కొయ్య మీదనో కూర్చుండి ఎగురుచున్న పురుగును గాలిలోనే పట్టును. పాలపిట్ట తంతి మీదనుండియో, ఎండుకొమ్మ మీదనుండియో నేలపై దృష్టి నిలిపి మిడతను, పేడపురుగును, లద్దెపురుగును ఎత్తుకొనిపోవును. వెండ్రుకల పురుగును సాధారణముగ పిట్టలు ముట్టవు. గొల్లకోకిల, అనగా చాతకము, దానిని కూడ తినును. తొలకరితో చాతకము కూయునని పెద్దలు చెప్పుటలో ఇట్టి అర్థము కూడ ఇమిడియున్నది.

గింజలు తిను పిట్టలు సైతము తమ పిల్లలకు పురుగునే పెట్టును. పాలుపోసికొన్న జొన్నకంకిపై వ్రాలు గిజిగాడు, పిచ్చుక కూడ గూటిలో పిల్లలున్నన్ని దినములు మెత్తని పురుగులను వెదకి తెచ్చును. కావున పిట్ట పిల్లలను పెంచు కాలము, చేనిలో పురుగులుండు కాలము కలిసిరావలెను. ఇది తప్పిన ఏమగునో నెదర్లాండ్స్ దేశమున హోగె వెలువె అను అడవిలో 1955 నుండి సాగుచున్న పరిశీలనలు తెలుపుచున్నవి. అచట వసంతకాలము వేడెక్కుటచేత గొంగళిపురుగులు మునుపటికంటె ముందుగ పుట్టి ముగిసిపోవుచుండగా, వాటిపై ఆధారపడు చిన్న పిట్టలు అంత వేగముగ తమ గ్రుడ్ల కాలమును ముందునకు జరుపుకొనలేకపోవుచున్నవి. అచట ఆ ముహూర్తమును నిర్ణయించునది వేడిమి. మన మెట్టసీమలో చాలవరకు వాన. వాన నెల తప్పిన పిట్టకు పిల్లల మేత తప్పును. పిల్లలు నిలువక పిట్ట తగ్గును. పిట్ట తగ్గిన మరుసటి యేట పురుగునకు అడ్డు తగ్గును.

2023లో వెలువడిన ‘భారతదేశ పక్షుల స్థితి’ నివేదిక ఈ విషయమున కనువిప్పు వంటిది. దీర్ఘకాలపు లెక్కలు లభించిన 338 జాతులలో 60 శాతము తగ్గుముఖమున నున్నవని అందు తేలినది. పురుగులు, చిన్న జంతువులు తిని బ్రదుకు పక్షులు, పచ్చిక బీళ్లలో నివసించు పక్షులు ఎక్కువగ నష్టపడినవి. తగ్గుచున్న వాటిలో మన పాలపిట్ట కూడ నున్నది. దసరానాడు పాలపిట్టను చూచుట శుభమని మన నమ్మకము. తెలంగాణ రాష్ట్ర పక్షియు నదియే. కాని ఆ దర్శనము కొరకే దానిని పట్టి, రెక్కలు కట్టి, పంజరములలో త్రిప్పువారు కలరు. ఇది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. చేని తంతిపై స్వేచ్ఛగ వాలిన పాలపిట్టను చూచుటయే నిజమైన శుభము; అది ఆ పూట చేను కాచినది కూడ.

రోళ్లపాడు నేర్పిన పాఠము

ఉనికిపట్టు మారిన పిట్ట ఏమగునో తెలిసికొనుటకు దూరదేశము పోనక్కరలేదు. నంద్యాల జిల్లాలో నందికొట్కూరు దాపున రోళ్లపాడు కలదు. అచట పచ్చిక బీళ్లలో బట్టమేక పిట్టలున్నవని 1980 ప్రాంతమున పక్షిశాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు అచట పరిశోధనలు జరిపిరి. 1988లో సుమారు 6 చదరపు కిలోమీటర్ల బీడు అభయారణ్యముగ ప్రకటింపబడినది.

బట్టమేక పోతు 15 కిలోల వరకు తూగు పెద్ద పక్షి. నేలపైననే గ్రుడ్డు పెట్టును. సాధారణముగ ఏటికి ఒక్కటే. మిడతలు, పేడపురుగులు, గింజలు, పండ్లు దాని ఆహారము. కంచె లోపలి బీడు ఒక్కటియే దానికి చాలదు. చుట్టునున్న జొన్న, వేరుసెనగ, కుసుమ వంటి మెట్టచేలలో కూడ అది మేయుచుండెను. వానకాలమున నేలనెమలి యను మరియొక పిట్ట అచటికి వచ్చి గడ్డిలో గ్రుడ్లు పెట్టును. వాన చాలని యేడులలో గడ్డియు పెరుగదు, పురుగును పుట్టదు, నేలనెమలి రాకయు తగ్గును. చలికాలమున మధ్య ఆసియా నుండి పిల్లిగద్దలు వేల కిలోమీటర్లు ఎగిరివచ్చి, రాత్రులు ఆ బీటిలో నేలపైననే గుంపులుగ విశ్రమించి, పగలు చుట్టుప్రక్కల చేలపై ఎగురుచు మిడతలను, ఎలుకలను పట్టి తినును. అనగా ఆ బీడు చుట్టుప్రక్కల గ్రామములకు జీతము లేని కావలివారి విడిదివంటిది.

కాలక్రమమున ఆ ప్రాంతమునకు కాలువ నీరు విస్తరించినది. సమీపమున అలగనూరు జలాశయము నిర్మింపబడినది. మెట్టపైరుల స్థానమున ఇతర పైరులు వచ్చినవి. బీళ్లు సాగులోనికి వచ్చినవి. పశువుల మేత, కుక్కల బెడద పెరిగినది. కంచె లోపల కృష్ణజింకలు వృద్ధియై ప్రక్క చేలపై పడుటచేత రైతులకు ఆ అభయారణ్యమనిననే విసుగు కలిగినది. బట్టమేక మాత్రము దాదాపు కానరాకుండ పోయినది. నేడు దేశమంతటను ఇవి నూరు, నూటయేబది మధ్యనే మిగిలియుండునని అంచనా; అందు అధిక భాగము రాజస్థాన్‌లోనివి.

సాగునీరు రావలదని ఎవరును అనరు. నీటికొరకు తరతరములుగ ఎదురుచూచిన సీమ యిది. కాని రోళ్లపాడు రెండు పాఠములు నేర్పుచున్నది. మొదటిది – చిన్న బీటి చుట్టు కంచె వేసినంతమాత్రమున పిట్ట నిలువదు. చుట్టునున్న చేలు కూడ దానికి అనుకూలముగ నుండవలెను. రెండవది – రైతు పైరునకు కలుగు నష్టమును పట్టించుకొనక పక్షిని గాని, జంతువును గాని కాపాడజాలము.

వేరుసెనగ సీమలో జరిగిన మార్పు కూడ ఇట్టిదే. ఒకప్పుడు అనంతపురము మెట్టలలో కొర్ర, సజ్జ, ఆరిక, జొన్న, కంది, ఉలవ కలిసి పండుచుండెను. తరువాత వేరుసెనగ ఒక్కటియే వ్యాపించి, ఒక దశలో ఆ ఒక్క జిల్లాలోనే 7 లక్షల హెక్టార్లకు మించినది. కనుచూపుమేర ఒకే పైరు ఉన్నచోట పురుగునకు విందు; పిట్ట వాలుటకు కొయ్య సైతము లేదు.

గట్టు ఉంచవలెనా, తీసివేయవలెనా?

ఇచట కొందరు రైతులు ఒక ప్రశ్న వేయుదురు: “కంబళిపురుగు దాగునది గట్ల అంచున, చెట్ల నీడన గదా! గట్టు, చెట్టు తీసివేసిన పీడ విరగడ యగును గదా!” ఇది ఆలోచింపదగిన ప్రశ్నయే. పురుగు గట్టు నాశ్రయించుట నిజము. కాని గట్టు తీసివేసిన చేనిలో పురుగు లేకపోదు. ప్రక్కవాని పొలమునుండి దండుగ నడచి వచ్చును. గట్టుతో పాటు తొలగిపోవునవి ఏట్రింత వాలు కొమ్మ, పాలపిట్ట గూడు పెట్టు తొఱ్ఱ, పరాన్నజీవులు తేనె త్రాగు పూలమొక్క, వాన నీటిని నిలుపు అడ్డు. శత్రువు మిగులును, మిత్రులు పోవుదురు.

పైగా పురుగు ఒకే చోట దాగుట రైతునకు ఒక విధముగ మేలు. చేనంతట వెదకనక్కరలేక గట్టు అంచును త్రవ్విన చాలును. గట్టు పురుగునకు ఇల్లగుట నిజమే కాని, దానిని పట్టుటకు అనువైన బోనుగ కూడ చేసికొనవచ్చును. గట్టు ఉంచి, దాని అంచును వేసవిలో శుభ్రపరచుటయే సరియైన పద్ధతి.

రైతులు చేయదగిన పనులు

1. వేసవి దుక్కి: వేసవి జల్లులు పడినంతనే వాలునకు అడ్డముగ లోతుగ దున్నవలెను. ఉదయపు వేళ దున్నిన పిట్టలు ఎక్కువగ వచ్చి కోశములను ఏరుకొనును. మిగిలినవి ఎండకు చచ్చును. గట్ల వెంబడి, చెట్ల క్రింద నాగలి పోనిచోట పారతో జానెడు లోతు త్రవ్వి, బయటపడిన కోశములను నాశనము చేయవలెను.

2. వాన రాత్రులు: మంచి వాన కురిసిన నాటినుండి మూడు నాలుగు రాత్రులు, సుమారు 7 గంటలనుండి 11 గంటల వరకు, పొలములలో అక్కడక్కడ మంటలు గాని, క్రింద కిరసనాయిలు కలిపిన నీటి తొట్టి గల దీపపు ఎరలు గాని పెట్టవలెను. వాన విడతలుగ పడిన యేట ప్రతి పెద్ద వానకును ఈ పనిని తిరిగి చేయవలెను. అనవసరముగ ప్రతిరాత్రి, తెల్లవారులు దీపము పెట్టిన మేలుచేయు పురుగులు కూడ చచ్చును గావున పురుగు రాక ఆగినంతనే మానవలెను.

3. గ్రుడ్ల ఏరివేత: రెక్కల పురుగులు కనబడిన మూడవ దినమునుండి చేనిలో తిరిగి, గ్రుడ్ల గుంపులున్న ఆకులను, జల్లెడవలె మారిన ఆకులను త్రుంచి నాశనము చేయవలెను. అలసంద, ఆముదము మొక్కలను చేనిలో అక్కడక్కడ పెట్టిన, పురుగు వాటిపై ఎక్కువగ గ్రుడ్లు పెట్టుటచేత పని సులువగును.

4. దండునకు అడ్డు: పురుగు ప్రక్క పొలమునుండి నడచి వచ్చుచున్న యెడల సరిహద్దున అడుగు లోతు కాలువ తీసి, పడిన పురుగులను పూడ్చివేయవలెను. జిల్లేడు, అడవి ఆముదము కొమ్మలను గట్ల వెంబడి పరచిన పురుగులు వాటి క్రింద చేరును. ఉదయముననే వాటిని ఏరి చంపవలెను.

5. కలిపి పంట: వేరుసెనగ 7 గాని, 11 గాని సాళ్లకు ఒక సాలు కంది వేయవలెను. చేని చుట్టు మూడు నాలుగు వరుసలు జొన్నగాని, సజ్జగాని చల్లవలెను. ఇవి గాలికి వచ్చు రసము పీల్చు పురుగులకు అడ్డుగ నుండును, మిత్ర పురుగులకు నీడనిచ్చును. వాన తప్పిన యేట కంది చేతికి వచ్చు అవకాశము కూడ కలదు.

6. పిట్టలకు కొయ్యలు: ఎకరాకు 8 మొదలు 10 వరకు పైరుకంటె ఎత్తుగ నుండునట్లు అడ్డకొయ్య కట్టిన కఱ్ఱలను నాటవలెను. దీనికి ఖర్చు దాదాపు లేదు. జొన్న, సజ్జ గింజ పాలుపోసికొను దశ వచ్చినపుడు వాటి దాపున నున్న కొయ్యలను తీసివేయవలెను. లేనిచో గింజ తిను పిట్టలకు సాయపడినట్లగును.

7. మందుల వాడకము: పురుగు కనబడినంతనే మందు పట్టుట వాడుకయైనది. మొదట వేపగింజల కషాయము 5 శాతము, అనగా 100 లీటర్ల నీటికి 5 కిలోల గింజల పొడి చొప్పున, చిన్న పురుగులపై చల్లవలెను. అప్పటికిని లొంగనియెడల వ్యవసాయశాఖ సిబ్బంది సలహాపై మాత్రమే ఇతర మందులు వాడవలెను. 1995–96లో అర్జెంటీనా దేశమున మిడతలపై మోనోక్రోటోఫాస్ చల్లగా, ఆ మిడతలను తిన్న వలస డేగలు వేల సంఖ్యలో పొలములలోనే చచ్చిపడినవి. మిడతను చంపుటకు చల్లిన మందు మిడతను తిను పక్షినే చంపినది. మన చేలపై ఎగురు పిల్లిగద్దకును ఆ గతి పట్టరాదు.

పిట్టలన్నియు రైతునకు మేలే చేయునని చెప్పుట సత్యము కాదు. నెమళ్ల సంఖ్య పెరిగి విత్తనమును, మొలకను పాడుచేయుచున్నవని అనేక గ్రామముల రైతులు మొరపెట్టుకొనుచున్నారు. చిలుకలు, కాకులు కూడ నష్టము చేయును. విత్తిన తొలి దినములలోను, గింజ ముదురు దినములలోను కావలి ఉంచుట, మెరయు రిబ్బనులు కట్టుట మొదలగు ఉపాయములచే వాటిని తోలవలెనే కాని విషము పెట్టరాదు. విషపు గింజ మంచి పిట్టను, చెడ్డ పిట్టను ఎంచదు.

గ్రామాధికారులకు మనవి

పై పనులలో చాల భాగము ఒక్క రైతు చేసిన ఫలింపవు. పది ఎకరముల ఆసామి మంటలు వేసి, చుట్టునున్న నూరు ఎకరములవారు నిద్రించిన పురుగు మరల అతని చేనికే వచ్చును. కావున ఏటేట మే నెలలోనే గ్రామసభ జరిపి, ఏ దిక్కు పొలములకు ఎవరు బాధ్యులో, వాన పడిన రాత్రి ఎవరు కబురు చేయవలెనో ముందుగ నిర్ణయింపవలెను. గ్రామ వ్యవసాయ సహాయకులు ఏ దినమున, ఏ పొలమున ఎంత వాన పడినది, రెక్కల పురుగు ఎన్నడు కనబడినది ఒక పుస్తకమున వ్రాసి యుంచిన మంచిది. నాలుగైదు సంవత్సరముల వ్రాతలు చేరినపుడు, మారుచున్న వానలో పురుగు ఎట్లు నడచుకొనుచున్నదో ఆ గ్రామమువారికే స్పష్టముగ తెలియును. అట్టి వివరము ఏ పెద్ద నివేదికలోను దొరకదు.

ఊరి ఉమ్మడి బీళ్లను బంజరులని తలచి దున్నించుట గాని, వాటినిండ ఒకే జాతి చెట్లు నాటించుట గాని చేయుటకు ముందు ఒకమారు ఆలోచింపవలెను. గడ్డి భూమి పనికిరాని భూమి కాదు. అది పశువునకు మేత, పిట్టకు గూడు. చెరువు కట్టలపై, దారుల ప్రక్క నున్న తాళ్లు, ఈతలు, వేపలు, తుమ్మలు వీలైనంతవరకు నరకకుండ కాపాడవలెను. ఎండిన తాటి బోదె సైతము పాలపిట్టకు, చిలుకకు గూడగును. ప్రాణాపాయము లేనిచోట దానిని నిలిచియుండనీయవలెను.

వాన ఎప్పుడు పడవలెనో శాసించు శక్తి మనకు లేదు. వాన పడిన రాత్రి మేలుకొనుటయు, చేని గట్టున ఒక చెట్టు నిలుపుటయు, చేనిలో ఒక కొయ్య పాతుటయు మాత్రము మన శక్తిలోనివే. తొలకరి తప్పిన యేట పురుగు ముందు రైతు ఒంటరి కాకుండవలెనన్న, పిట్టకు చేనిలో చోటుండవలెను. రైతు సోదరులు రాబోవు వేసవి దుక్కినాటినుండియే ఈ విషయములను గమనించి, తమ గ్రామములలో ఆచరణలో పెట్టి, తత్ఫలితములను స్థానిక వ్యవసాయశాఖ సిబ్బందికి తెలియజేయ కోరుచున్నాము.